నాడి రొట్టె

కట్టె సరిగ్గా కాలి బొటనవేలి మీద పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ అరవడానికి వీల్లేకపోయింది. నడుమెత్తు గోడకి అవతల ఒక అమ్మాయి నిలబడి అతని వంకే చూస్తోంది.

“పడిందా?” అంది.

“పడింది,” అన్నాడు పళ్లు బిగబట్టి.

“కట్టె విరగలేదు కదా?”

కాలు సంగతి వదిలేసి కట్టె క్షేమం అడిగే మనిషిని అతను అంతవరకూ చూడలేదు. అసలు పక్కింటివాళ్లనే సరిగ్గా చూడలేదు. వేసవి చివర్లో అమ్మతో కలిసి ఈ ఇంట్లో దిగాడు. వీధివైపు గది దుకాణం, వెనక గది పనిచోటు. పని అంటే చినిగిన పుస్తకాలు కుట్టి అట్టలు కట్టడం. వీధిలో అప్పటికే అందరూ అతన్ని బైండరు అనడం మొదలుపెట్టారు. ఆ వెనక గది గోడకి బయటివైపు రేకుల చూరు ఒకటి పొడుగ్గా దిగి ఉంటుంది. చూరు కింద గోడ పొడుగునా ఛాతీ ఎత్తున కట్టెల దొంతర. అది మాత్రం వాళ్లది కాదు. పక్కింటి రొట్టెల బట్టీది. ఇదివరకు ఈ ఇంట్లో ఉన్న పెద్దాయన పెట్టుకోమన్నాడట. ఇల్లు చేతులు మారింది, కట్టెలు కదల్లేదు.

“ఈ కట్టెలు మా చూరు కింద ఎందుకున్నాయండీ?”

“మీకంటే ముందు నుంచీ ఉన్నాయండీ. మీరెందుకొచ్చారని అవి అడిగాయా?”

తలకి గుడ్డ కట్టుకుంది. మోచేతుల దాకా పిండి. ముక్కు మీద కూడా కొంచెం ఉంది. ఆ ముక్కు మీది పిండి వంక చూస్తే కోపం జారిపోయేలా ఉందని బైండరు చూపు తిప్పుకుని గోడ చూపించాడు.

“దొంతర వెనక గోడ మీద ఆ మట్టి చూశారా? అది చెద. కట్టెల్లోంచి గోడకి, గోడలోంచి నా గదిలోకి. లోపల ఉన్నవి నా పుస్తకాలు కావు. జనం నన్ను నమ్మి ఇచ్చినవి.”

“మావి బాగా ఎండిన కట్టెలు. ఎండిన కట్టె చెదకి రుచించదు.”

“చెద మీతో చెప్పిందా?”

“మీతో మాత్రం చెప్పిందా, వస్తున్నానని?”

“పోనీ పేర్చడమైనా సరిగ్గా పేర్చారా? అన్నీ సందులే. చెయ్యి తగిలితే చాలు, జారి పడుతున్నాయి.”

“చెయ్యి తగిలించమని ఎవరన్నారు?” అని, ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది. “వానలు దగ్గరపడ్డాయండీ. మా పెరట్లో నీడ లేదు. ఇవి తడిస్తే మా బట్టీ పని అయిపోతుంది.”

“టార్పాలిన్ కప్పుకోండి.”

“మీరెప్పుడైనా టార్పాలిన్ కప్పుకుని పడుకున్నారా?”

అదేం ప్రశ్నో అతనికి అర్థం కాలేదు. జవాబు చెప్పేలోపే ఆ అమ్మాయి గోడ దూకి వచ్చి, కాలి దగ్గర పడ్డ కట్టె తీసుకుని, దుమ్ము దులిపి, మళ్లీ గోడ దూకి వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా దొంతర మొత్తం అవతలి పెరట్లోకి చేరింది. ఆ అమ్మాయీ, వాళ్ల తాతయ్యా మోశారు. ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే బైండరుకి గుచ్చుకుంది.

“సామాను ఇంకా సర్దుకోనేలేదు, అప్పుడే పక్కింటితో తగువు పెట్టుకున్నావు,” అంది అమ్మ. “వాళ్ల రొట్టెల వాసనకే పొద్దున్నే లేస్తున్నాను నేను.”

“చెద పడితే ఆ వాసన కడుపు నింపదమ్మా.”

చెద గీకేద్దామని రేకు ముక్క పట్టుకుని చూరు కిందికి వెళ్లాడు. గోడ మీది మట్టి రేకు తగలగానే గట్టిగా, ముద్దలా ఊడి చేతిలో పడింది. లోపల చిన్న చిన్న గదులు. అది చెద కాదు. కందిరీగ లాంటి కుమ్మరిపురుగు కట్టుకున్న మట్టిగూడు. అదీ పాతది, ఖాళీది. గోడ పొడుగునా వెతికాడు. ఇంకెక్కడా ఏమీ లేదు.

గూడు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. వెళ్లి చెప్పాలి. పొరపాటైందని చెప్పి కట్టెలు తిరిగి పెట్టుకోమనాలి. ఇంతా గొడవపడి ఇప్పుడే వెళ్తే ఏం బాగుంటుంది, రేపు పొద్దున్న చెప్దాంలే అనుకున్నాడు.

పొద్దున్న గోడ మీద రొట్టె ఉంది.

చిన్నది, గుండ్రంది, ఎర్రగా కాలింది, ఇంకా వేడి పోలేదు. చుట్టూ ఎవరూ లేరు. పళ్లు తోముకోవడానికి వచ్చిన బైండరు నోట్లో బ్రష్షు అలాగే పెట్టుకుని దానివంక చూశాడు. నిన్నటిదాకా గోడ మీద ఎప్పుడూ ఏమీ లేదు. గొడవైన మర్నాడే రొట్టె. అంటే ఏమిటి?

సారీ చెప్తోంది, అనుకున్నాడు. నోటితో చెప్పలేక రొట్టెతో చెప్తోంది.

తిన్నాడు. అలాంటి రొట్టె జన్మలో తినలేదు. గూడు సంగతి చెప్పాలని గుర్తొచ్చింది. అప్పుడే ఇంకో సంగతీ తోచింది. కట్టెలు తిరిగొస్తే గొడవ తీరుతుంది. గొడవ తీరితే మరి రొట్టె ఎందుకు పెడుతుంది? ఒక్కరోజు ఆగి చూద్దాం.

ఆ మధ్యాహ్నం పిండి బస్తా దింపించుకుంటూ కనబడితే, గోడ దగ్గరికి వెళ్లి, “థాంక్సండీ,” అన్నాడు.

“దేనికి?”

“అదే. మీకు తెలుసుగా.”

“కట్టెలు తీసినందుకా? తీయమన్నారు, తీశాను. మళ్లీ థాంక్స్ ఏమిటి, ఎగతాళా?”

“కాదు కాదు. బాగుంది అని.”

“ఏది బాగుంది? మీ గోడా?” అని, బస్తా వెనకాలే లోపలికి వెళ్లిపోయింది.

సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాడు. కానీ ఆ చూపు సిగ్గులా లేదు. ఈ పిల్ల ఏమిటో అర్థం కావడం లేదు.

ఆ రాత్రి తొలి వాన పడింది. మర్నాడు రొట్టె ఒకవైపు నల్లగా మాడిపోయి ఉంది.

బైండరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిన్న తను ఏదో తప్పు మాట అన్నాడు. ఏమన్నాడు? బాగుంది అన్నాడు. అంతేగా? ఆ మాట తప్పెలా అయిందో తెలియలేదు గానీ, మాడింది మాత్రం కళ్లెదుట ఉంది. కోపం తెలిసీ తినకుండా వదిలేస్తే ఇంకా కోపం వస్తుందని, మాడుతో సహా తిన్నాడు.

ఆ రోజు నుంచీ అతనికి అదొక చదువైపోయింది. పనిలో పుస్తకం తెరవగానే కాగితం రంగు, కుట్టు వదులు, అంచు నలుగుడు చూసి ఆ పుస్తకం ఎవరి చేతిలో ఎలా నలిగిందో చెప్పడం అతనికి అలవాటు. రొట్టెని కూడా అలాగే చదివాడు. ఎర్రగా ఉంటే మనసు బాగుంది. అంచు మాడితే విసుగు. నడినెత్తి పగిలితే నవ్వు ఆపుకుంటోంది. మరీ నల్లబడితే ఆ రోజు ఎదురుపడకుండా ఉండడం మంచిది.

చిక్కల్లా ఏమిటంటే, రొట్టె ఒకటి చెప్పేది, మనిషి ఇంకొకటి చెప్పేది.

“నిన్న నేనలా అనకుండా ఉండాల్సింది,” అన్నాడు ఒక మాడిన రొట్టె తిన్న రోజు.

“నిన్న మీరు నాతో మాట్లాడనేలేదు కదండీ.”

“అదే. మాట్లాడకుండా ఉండాల్సింది కాదు.”

ఆమె చేతిలోని గంప కింద పెట్టి, తలగుడ్డ సర్దుకుని, అతన్ని పైనుంచి కిందికి చూసింది. “మీకు ఆ జిగురు వాసన తలకెక్కుతోందేమో. కిటికీ తీసుకుని పని చేసుకోండి.”

“మనసులో మాత్రం ఏమీ పెట్టుకోకండి.”

“నా మనసులో ఖాళీ ఎక్కడుందండీ, నిండా తడి కట్టెలే,” అని గంప ఎత్తుకుంది.

ఆ మాటని కూడా అతను ఇంటికి తీసుకెళ్లి చాలాసేపు విప్పి చూసుకున్నాడు. తడి అంది. అంటే కన్నీళ్లా?

వానలు ముదిరాయి. రేకుల చూరు మీద చినుకులు పప్పులు వేయిస్తున్నట్టు చిటపటలాడేవి. చూరు కింద గోడ పొడుగునా ఖాళీ. పొడి నేల మీద ఒక పిల్లి మాత్రం కాళ్లు చాపుకుని పడుకునేది. అవతలి పెరట్లో నీలం టార్పాలిన్ కింద కట్టెలు. ఆ అమ్మాయి పొద్దునా సాయంత్రం టార్పాలిన్ ఎత్తి, దించి, ఎత్తి, దించి, చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వంక చూసేది. కిటికీలోంచి బైండరు అది చూసేవాడు. వాన చూస్తోంది, వానంటే ఇష్టం కాబోలు అనుకునేవాడు.

వేడి పళ్లేలు పట్టుకునే ఆ చేతులకి బొబ్బలుండడం ఒకరోజు గమనించాడు. అట్టల మీద వేసే మందపు గుడ్డ రెండు పొరలు మడిచి, పుస్తకాలు కుట్టే దారంతో, పుస్తకాలు కుట్టినట్టే కుట్టి, ఒక జత చేతితొడుగులు చేశాడు. గోడ మీద పెట్టి, లోపలికొచ్చి, కిటికీ చాటున నిలబడ్డాడు. ఆమె వచ్చింది. తొడుగులు తీసింది. వేళ్లు దూర్చి చూసుకుంది. నవ్వింది. బైండరు కిటికీ చాటుకి ఇంకాస్త ఒదిగాడు.

సాయంత్రం ఆమె వీధివైపు నుంచి నేరుగా వాళ్లింటికి వచ్చింది.

“పిన్నిగారూ,” అంది అమ్మతో. “కట్టెల గొడవ పడ్డా నా చేతులు చూసి జాలిపడ్డారు. మీ కుట్టు ఎంత గట్టిగా ఉందో. థాంక్సండీ.”

“నా కుట్టా?” అంది అమ్మ. బొత్తం కూడా కొడుకు చేతే కుట్టించుకునే మనిషి. తొడుగులు చేతిలోకి తీసుకుని కుట్టు చూసింది. తల తిప్పి కొడుకు వంక చూసింది. కొడుకు ఒక పుస్తకం తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదువుతున్నాడు.

“అలాగేనమ్మా,” అంది అమ్మ నెమ్మదిగా. “కానీ పిన్నిగారు అని మాత్రం అనకు. వరసలు చెడతాయి.”

“మరి ఏమని పిలవను?”

“చెప్తాను. ఇంకా టైముంది.”

ఆ అమ్మాయి అయోమయంగా ఒకసారి తల్లినీ ఒకసారి కొడుకునీ చూసి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో అందరూ ఇంతేనేమో అన్నట్టుంది ఆ నడక.

మర్నాడు గోడ మీది రొట్టె పైకి తెల్లగా, లోపల పచ్చిగా ఉంది.

విరిస్తే జిగురులా సాగింది. బైండరు తల పట్టుకున్నాడు. మాడడం ఇన్నాళ్లూ చూశాడు, పచ్చిగా ఉండడం ఇదే మొదలు. నిన్న నవ్వింది కదా. తొడుగులు వేసుకుంది కదా. మరి ఇదేమిటి? ఇంకా కాలలేదు, తొందరపడకు అని అర్థమా? లేక అసలు వద్దనా? ఏదైనా కానీ, పెట్టిన రొట్టె వదిలేస్తే మనసు నొచ్చుకుంటుందని చివరి ముద్ద దాకా మింగాడు. ఆ రోజంతా కడుపు పట్టుకుని పడుకున్నాడు. ఆ మర్నాడు కూడా పచ్చిదే. ఆ తరవాతదీ అంతే.

“ఏం తిన్నావురా?” అంది అమ్మ వేడినీళ్ల గ్లాసు అందిస్తూ.

“రొట్టె.”

“ఎవరు పెట్టారు?”

“తెలియదమ్మా. నాకేమీ తెలియడం లేదు.”

వాన తెరిపివ్వని ఒక మధ్యాహ్నం బట్టీ గొట్టంలోంచి పొగ పైకి పోకుండా గోడ దిగి అతని గదిలోకొచ్చింది. తెల్లటి, ముద్దగా ఉన్న పొగ. కళ్లు మండాయి. అసలే ముసురుకి జిగురు ఆరక అట్టలన్నీ వంకరపోతున్నాయి. ఇక లాభం లేదని గొడుగేసుకుని బట్టీకి వెళ్లాడు. పొగ గురించి అడుగుదామనా, రొట్టె గురించి అడుగుదామనా అన్నది అతనికే తెలియదు.

లోపల మట్టితో మెత్తిన పెద్ద గుమ్మటం లాంటి బట్టీ. దాని నోటి ముందు పీట వేసుకుని తాతయ్య కూర్చుని ఉన్నాడు. ఆ అమ్మాయి లేదు.

“రా బాబూ, కూర్చో. అది మా రొట్టెలు కొనే హాస్టల్ దాకా వెళ్లింది, బతిమాలుకోవడానికి,” అన్నాడు తాతయ్య. “నాడి బొత్తిగా పడిపోయింది.”

“అయ్యో, మీకా?”

“నాకు కాదు, బట్టీకి.” తాతయ్య నవ్వాడు గానీ ఆ నవ్వులో బలం లేదు. “పొద్దున్నే బట్టీ వేడెక్కాక అన్ని రొట్టెలూ ఒకేసారి పెట్టేయం బాబూ. ముందు చిన్న రొట్టె ఒక్కటి లోపలికి తోస్తాం. అది కాలిన తీరు చూస్తే బట్టీ ఎలా ఉందో తెలిసిపోతుంది. మాడితే వేడి ఎక్కువ, పచ్చిగా ఉంటే తక్కువ. దాన్ని మేం నాడి రొట్టె అంటాం.”

బైండరు చేతిలో గొడుగు నేల మీదకి జారింది.

“మరి ఆ రొట్టె ఏం చేస్తారు తాతగారూ?”

“ఏం చేస్తాం, అమ్మేది కాదు, తినేది కాదు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ పిట్టలకి పెట్టడం అలవాటు. ఇదివరకు మా పిల్ల మీ చూరు కింద కట్టెల మీద పెట్టేది. కట్టెలు తీసేశాక గోడ మీద పెడుతోంది. ఈ మధ్య పిట్టలకి ఏం ఆకలో మరి, ముక్క మిగల్చడం లేదు. పచ్చిపిండి కూడా ఊడ్చేస్తున్నాయి.”

బైండరు వంగి గొడుగు తీసుకున్నాడు. 

“ఎందుకు పడిపోయింది తాతగారూ, నాడి?” అన్నాడు చివరికి. జవాబు అతనికి అప్పటికే తెలుసు.

“కట్టె తడిసింది. టార్పాలిన్ కప్పితే పైనుంచి వాన ఆగుతుంది గానీ లోపల కట్టెకి చెమట పడుతుంది. బూజు పట్టింది. మొదట్లో ఆరిన చితుకులు ఎక్కువ వేసి మంట లేపింది. అంచులు మాడాయి. చితుకులు అయిపోయాయి. ఇక అన్నీ పచ్చివే. హాస్టల్ వాళ్లు మెషీన్ రొట్టె చూసుకుంటామన్నారు. వాళ్లు మానేస్తే ఇంకేముంది. ఈ నెలాఖరుకి బట్టీ ఆర్పేసి మా పెద్దమ్మాయి ఊరు పోదాం అంటున్నాను. ఇది వినడం లేదు. ఈ బట్టీ ముందే నడక నేర్చిన పిల్ల, మాట వింటుందా?”

నిన్ను తప్పుపట్టడం లేదు బాబూ అని కూడా అన్నాడు తాతయ్య. చెద భయం ఉంటుంది కదా, కాగితాల పని కదా అన్నాడు. ఆ మాట మరీ బాధించింది.

ఇంటికొచ్చి గూట్లో దాచిన మట్టిగూడు తీసి చూసుకున్నాడు. రోజుకో అర్థం చెప్పుకుంటూ తిన్న రొట్టెలన్నీ ఒకటొకటిగా అడ్డం తిరిగాయి. ఎర్రటిది సారీ కాదు, పొడి కట్టె. మాడింది అలక కాదు, చితుకుల మంట. పచ్చిది వద్దనడం కాదు, తన చూరు కిందినుంచి తను తరిమేసిన కట్టె. ఆమె మనసు చదువుతున్నాననుకుని ఇన్నాళ్లూ తను చేసిన నష్టం తనే తింటున్నాడు.

ఆమె వెళ్లిపోతుంది. నెలాఖరుకి ఆ గొట్టంలో పొగ ఉండదు.

లేచాడు. వానలోనే గోడ దూకాడు. టార్పాలిన్ లాగేసి, చేతులకి అందినన్ని కట్టెలు ఎత్తి, గోడ మీదుగా ఇవతలకి వేయడం మొదలుపెట్టాడు. అమ్మ వెనక గుమ్మంలోకి వచ్చి కాసేపు చూసింది.  నేల మీద చెమ్మ తగలకుండా ఇటుకలు తెచ్చి చూరు కింద వరసగా పరిచింది. దాని మీద అతను పేర్చాడు. తనకి తెలిసిన పద్ధతిలో, అంచుకి అంచు కలిపి, సందు లేకుండా, దెబ్బ మీద దెబ్బ కొట్టి బిగించి పేర్చాడు. పైన బరువుకి రెండు రాళ్లు కూడా పెట్టాడు.

“ఏం చేస్తున్నారు మీరు?”

గొడుగు కింద ఆ అమ్మాయి. హాస్టల్ నుంచి వచ్చినట్టుంది. మొహం వాడిపోయి ఉంది.

“కట్టెలు తెస్తున్నానండీ.”

“వద్దన్నారు, తీశాం. ఇప్పుడు మా పెరట్లోంచి మీరే మోసుకుపోతున్నారు. అసలు మీకేం కావాలి?”

బైండరు తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. ఆ చొక్కా అంతకంటే తడిగా ఉంది. జేబులోంచి మట్టిగూడు తీసి గోడ మీద పెట్టాడు.

“చెద కాదు. కుమ్మరిపురుగు గూడు.”

“ఎప్పుడు తెలిసింది?”

“మీరు కట్టెలు తీసిన రోజే.”

ఆమె వేలితో గూడుని తిప్పి చూసింది.

“తెలిసీ చెప్పలేదు,” అంది ఆమె.

“చెప్పలేదు. చెప్తే కట్టెలు తిరిగొస్తాయి. గొడవ తీరిపోతే రొట్టె ఆగిపోతుందేమో అనుకున్నాను.”

“ఏ రొట్టె?”

అతను గోడ వంక చూశాడు. ఆమె కూడా గోడ వంక చూసింది. అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

“పిట్టలు మీరా?”

అతను తల ఊపాడు.

“మాడినవి కూడానా?”

“మీకు కోపమొచ్చిందనుకున్నాను.”

“పచ్చివి?”

“తింటే తగ్గుతుందనుకున్నాను.”

ఆమె పెదవులు వణికాయి. నవ్వేస్తుందనుకున్నాడు. నవ్వలేదు.

“నేను ఇక్కడ పొయ్యి ముందు పొగలో కూర్చుని రేపేం చెయ్యాలో తెలియక ఏడుస్తుంటే, మీరు గోడకి అవతల రొట్టెలు చదువుకుంటున్నారా?”

అతను వంగి కింద పడ్డ కట్టె ఒకటి తీసుకున్నాడు. 

ఆమె గొడుగు మూసి గోడకి ఆనించి, గోడ దూకి వచ్చి, అతను పేర్చిన దొంతర వంక చూసింది. రాళ్లు రెండూ తీసి పక్కన పడేసింది. బిగించిన కట్టెలన్నీ లాగి కిందకి తోసింది.

“ఇవి పుస్తకాలు కావు, ఇలా బిగించడానికి. కట్టెకి గాలాడాలి. సందు లేకపోతే ఎప్పటికీ ఆరదు. గోడకి కూడా ఆనించకూడదు, జానెడు వదలాలి. అందించండి.”

అందించాడు. ఆమె ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా సందులుంచుతూ పేర్చింది. చీకటి పడకముందే అంతా అయింది. “అందించండి” తప్ప ఇంకో మాట అనలేదు. వెళ్తూ వెళ్తూ మట్టిగూడు మాత్రం తీసుకుపోయింది. ఎందుకో అతనికి తెలియలేదు.

ఆ తరవాత రోజులు మరీ అయోమయంగా గడిచాయి. ఆమె మాట్లాడదు. పొద్దున్నే వస్తుంది, చూరు కిందినుంచి కట్టెలు తీసుకుంటుంది, వెళ్తుంది. నాడి రొట్టె మళ్లీ కట్టెల దొంతర మీదికి చేరింది. ఇప్పుడది అతని కిటికీకి చేతికందేంత దగ్గర. అతను ముట్టుకోలేదు. పిట్టలు వచ్చి పొడుచుకు తినేవి. చూస్తూ పని చేసుకునేవాడు. మొదట పచ్చిగా ఉండేది, పిట్టలు కూడా మొహం తిప్పుకునేవి. తరవాత అంచులు రంగు తిరిగాయి. తరవాత నడినెత్తి ఉబ్బింది. ఆమె మనసు సంగతి తెలియదు గానీ, బట్టీ మాత్రం కోలుకుంటోంది. అది చాల్లే అనుకోవడం నేర్చుకున్నాడు. పూర్తిగా రాలేదు ఆ చదువు.

తాతయ్య మాత్రం వచ్చిపోతుండేవాడు. “నీ అట్టలు ఆరడం లేదట కదా. బట్టీ వెనక గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది, ఇలా ఇవ్వు,” అని పుస్తకాలు మోసుకుపోయేవాడు. మర్నాటికి అట్టలు పలకల్లా తిన్నగా, కాస్త రొట్టెల వాసనతో తిరిగొచ్చేవి. ఎవరో చెప్పలేదు గానీ, పుస్తకానికీ పుస్తకానికీ మధ్య జానెడు సందు వదిలి ఆరబెడుతున్నారని తాతయ్య చెప్పాడు.

“మరి హాస్టల్ వాళ్లు?” అని అమ్మే అడిగింది ఒకరోజు.

“మెషీన్ రొట్టె పిల్లలు ముట్టుకోవడం లేదట. వంటాయన నిన్న తనే వచ్చాడు,” అన్నాడు తాతయ్య. “మా పెద్దమ్మాయికి రావడం లేదని ఫోను చేసేశాను.”

బైండరు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. దారం మూడుసార్లు తప్పింది.

వాన వెలిసిన ఒక పొద్దున్న, నోట్లో బ్రష్షు పెట్టుకుని పెరట్లోకొచ్చాడు. దొంతర మీద నాడి రొట్టె ఉంది. రెండు పిచ్చుకలు దాని మీద కూర్చుని ఉన్నాయి. గోడ మీద ఇంకో రొట్టె ఉంది. పెద్దది. కింద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. గుడ్డ పక్కన కుమ్మరిపురుగు మట్టిగూడు.

చూశాడు. పళ్లు తోముకున్నాడు. మొహం కడుక్కున్నాడు. మళ్లీ చూశాడు. ముట్టుకోకుండా లోపలికి వెళ్లబోయాడు.

“చల్లారిపోతోంది,” అంది గోడ అవతలి నుంచి గొంతు. “తీసుకోవా?”

ఇన్నాళ్లూ ‘మీరు’ అన్న మనిషి. బైండరు వెనక్కి తిరిగాడు.

“పిట్టలకేమో అని.”

“పిట్టలకి అక్కడ పెట్టాను.”

“మరి ఇది?”

“చదువుకో. ఇన్నాళ్లూ పెద్ద పండితుడివి కదా.”

అతను రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా, వేడిగా ఉంది. పైన ఎరుపు అంతా ఒకేలా ఉంది. వేలితో నొక్కితే దిగి, మళ్లీ పైకొచ్చింది.

“నాకు చదవడం రాదని తెలిసిపోయిందిగా,” అన్నాడు. “నువ్వే చెప్పు.”

“నోటితో చెప్పేదైతే ఇంత పొద్దున్నే లేచి పిండి ఎందుకు పిసుకుతాను?”

“సరే. నేనైతే నోటితోనే చెప్తాను. కట్టెల కోసం కాదు, రొట్టె కోసం కూడా కాదు. ముక్కు మీద పిండి చూసిన రోజే అయిపోయింది నా పని. మిగతాదంతా నేను కల్పించుకున్నది. అది మాత్రం కాదు.”

ఆమె గబుక్కున ముక్కు తుడుచుకుంది. పిండి ఇంకొంచెం అంటింది.

వెనక గుమ్మంలోంచి అమ్మ తొంగి చూసింది. “ఏమ్మా, వీడు మళ్లీ ఏదైనా తగువు పెట్టుకున్నాడా?”

“లేదండీ, ఇవాళ బుద్ధిగానే ఉన్నాడు,” అంది ఆమె. ఒక క్షణం తటపటాయించి, తల వంచుకుని, “అత్తయ్యగారూ,” అని చేర్చింది.

అమ్మ బట్టీ వైపు తిరిగి, వీధిలోకి వినబడేంత గొంతుతో, “తాతగారూ, ఈ గోడ మధ్యలో చిన్న గేటు పెట్టిద్దాం అన్నారు కదా, మేస్త్రీని పిలవండి. వీళ్లు దూకి దూకి గోడ పడగొట్టేలా ఉన్నారు,” అంది.

అవతల బట్టీ దగ్గర్నుంచి తాతయ్య దగ్గు వినబడింది. ఆ దగ్గులో నవ్వు ఉంది.

“ఇందులో కోపం ఎక్కడా లేదు,” అన్నాడు బైండరు రొట్టె వంక చూస్తూ.

“ఉంది. సరిగ్గా చూడు.”

తిరగేశాడు. అడుగున ఒక మూల బొటనవేలంత మాడు. అంత జాగ్రత్తగా కాల్చిన రొట్టెకి ఆ ఒక్కచోట మాడు దానంతట అది వచ్చిందో, కావాలని ఉంచిందో అతనికి తెలియలేదు. అడగలేదు. ఆమె చూస్తుండగా ఆ మాడు ముక్కే ముందు విరిచి నోట్లో వేసుకున్నాడు.